మెతుకుతో అంటించిన మంచు

ముందు నాకు తెలిసినవి బెజ్జాలే.
రెండో తరగతి గదిలో ఆఖరి గంట కొట్టాక
చీపురు కింద చిన్న చిన్న త్రిభుజాలు,
నెలవంకలు, నూకల్లాంటి తెల్ల ముక్కలు.
దేంట్లోంచి రాలాయో తెలీదు.
మూడు రోజులు ఊడ్చి పారబోశాను.

నాలుగో రోజు బస్సులో చెప్పాడు హమ్దాన్.
వాదీ కబీర్ మలుపులో బళ్ళన్నీ ఆగిపోయాయి.
ముందు పళ్ళు రెండూ ఊడిన నోటితో
"ఖాలా, సగానికి మడువు, మళ్ళీ సగానికి,
ఇప్పుడు ఐస్‌క్రీం కోను చెయ్యి" అంటూ
నా చేత ఆరు టిష్యూలు పాడు చేయించాడు.
కత్తెర లేదు. దవడ పళ్ళతో కొరికి చూపించాడు.
విప్పితే, ఎంగిలి నక్షత్రం.
"థల్జ్" అన్నాడు.

నువ్వు చూశావా అంటే, లేదంట.
వాళ్ళ మావయ్య జబల్ షమ్స్ మీద చూశాడంట,
ఫోన్లో ఉందంట.
"మరి నువ్వు?"
ఏం చెప్పను.
మా భాషలో అదీ మంచే.
పొద్దున్నే గోదారి మీద
పడవ ముక్కు కూడా కనపడనివ్వనిదీ మంచే.
గడ్డి మీద పాదాలు తడిపేదీ మంచే.
ఒక్క మాటలోనే అన్నీ సర్దుకున్నాం.
చూశానన్నాను.

ఆ రాత్రి రూవీలో, మూడో అంతస్తు,
నాలుగు మంచాల గది.
పాత పరీక్ష పేపర్లు తెచ్చాను, ఒకవైపు ఖాళీవి,
ఆయాలు పట్టుకుపోవచ్చన్నారు ఆఫీసులో.
మారిసెల్ గోళ్ళ కత్తెర ఇచ్చింది.
మొదటిది, మడత పొడుగునా కోసేశాను.
విప్పబోతే చేతిలో ముక్కలై కూర్చుంది.
ఖైరూన్ పడీ పడీ నవ్వింది:
"నీ మంచు అప్పుడే కరిగిపాయనే అక్కా!"
రాయచోటి పిల్ల. దానికి తెలిసింది వడగళ్ళు,
ఒక్క సాయంత్రంలో మామిడి పిందెలన్నీ రాల్చి
వాళ్ళ నాయన్ని మంచమెక్కించిన వడగళ్ళు.
పైనుంచి తెల్లగా ఏది రాలినా అది నమ్మదు.

రెండోది నిలిచింది.

మా అమ్మ లేసు అల్లేది, నరసాపురం అవతల,
కంపెనీవాళ్ళ దారంతో, పువ్వుకిన్ని పైసలని.
దారానికి దారం చేర్చి చేర్చి
మధ్యలో ఖాళీని పట్టుకునేది.
ఇక్కడ లెక్క తిరగబడింది,
చేర్చేదేం లేదు, తియ్యడమే.
ఎక్కడ ఆపాలో తెలియాలి, అదొక్కటీ మారలేదు.
కొక్కెం వేలికి దిగినప్పుడు అమ్మ అనే మాట
కత్తెర జారితే నా నోట వచ్చింది.
ఆ మాట ఇక్కడ రాయను.

అర్ధరాత్రి దాకా పదకొండు చేశాం.
నిలంతిది తామరపువ్వులా వచ్చింది,
ఎవరం ఏమీ అనలేదు.
ఒకదాని కొమ్మ మీద
ఖాళీలు పూరించమన్న ప్రశ్న సగం తెగి మిగిలింది.

గమ్ లేదు. కింద బకాలా మూసేశాడు.
రాత్రన్నం మెతుకులు నలిపి, ఒక్కో కొసకి ఒక్కటి,
కిటికీ అద్దానికి అంటించాం,
ఇదివరకు ఉత్తరాల కవర్లు అంటించినట్టు.
ఏసీ అక్కర్లేని నెల. అయినా వేసింది ఖైరూన్,
గాలికి అవి కదలాలంట.
నమ్మని పిల్లే, దుప్పటి కప్పుకుని
చాలాసేపు చూస్తూ పడుకుంది.

పండగ ఇంకా నాలుగు రోజులుందనగా
తెల్లారి ఐదింటికి జడేసుకుంటూ చూశాను.
కిటికీ సందులోంచి చీమలు, బారుగా,
మెతుకు వాసన పట్టి
నా మంచు మీద నడుస్తున్నాయి.
కొమ్మ కొమ్మా ఎక్కి, బెజ్జం దగ్గర ఆగి,
ఒకదాన్నొకటి అడిగి,
చుట్టూ తిరిగి పోతున్నాయి.

దులుపుదామని చెయ్యెత్తాను.
కింద బస్సు హారన్ కొట్టింది.